ఎగిరిపోయిన ఒక్క మాట

అచ్చాఫీసులో పేజీలు కూర్చే తమ్ముడు ఆఖరి కట్టకు తాడు బిగిస్తున్నాడు. ప్రూఫులు దిద్దే అక్క అందులోంచి ఒక పుస్తకం లాగి తెరిచింది.

“ఒరేయ్, పన్నెండో పేజీలో ‘ఆయనతో’ ఏమైందిరా?”

“లైనులో పట్టలేదక్కా. ఒక్క మాటేగా అని తీసేశాను.”

“కొంప ముంచావు కదరా! ఏదీ, పైకి చదువు.”

“‘తిరిగి లేచిన యేసు చేతుల్లో గాయాలు చూసి శిష్యుడు, నా ప్రభువా, నా దేవుడా అన్నాడు.’ బాగానే ఉందిగా?”

“చచ్చిపోయిన మనిషి ఎదురుగా నిలబడితే ఎవడైనా అలాగే అరుస్తాడు. మీద బల్లి పడితే నువ్వు దేవుడా అనవూ? అంతమాత్రాన బల్లి దేవుడైపోతుందా?”

“మరి ‘ఆయనతో’ ఉంటే?”

“అప్పుడది భయంతో వేసిన కేక కాదు. యేసు మొహం చూస్తూ, ఆయనతోనే, నువ్వే నా దేవుడివి అన్నట్టు. ఆయన కాదనలేదు కూడా. పిల్లలకి ఆ సంగతి చెప్పడానికే పాస్టరుగారు ఇంత పుస్తకం రాశారు.”

“ఇప్పుడెలా అక్కా? పుస్తకాలన్నీ కుట్టేశాం.”

“తప్పు నీ ఒక్కడిదే కాదులే. ఆఖరి ప్రూఫు చదవకుండా సంతకం పెట్టింది నేనే.”

“అదిగో, పాస్టరుగారి బండి ఆగింది. ప్రభువా! నా దేవుడా!”

“బల్లిని చూసి అన్నట్టేనా?”

“కాదక్కా. పైనున్న ఆయనతోనే అన్నాను.”