నోటిదూల మార్కు కంద పచ్చడి

గుత్తుల వరాలమ్మకి నోరుందంట. నోరు ఎవరికి లేదు, నిజమే. ఇదుగో ఈ సుబ్బులుకీ ఉంది, గాని తమలపాకులు నమలడానికే వాడుతుంది. వరాలమ్మ అలాక్కాదు. ఏటిగట్టు మీద నిలబడి ఆవిడ కోడల్ని పిలిస్తే, అవతల రేవులో పంటు ఎక్కేవాళ్ళు మమ్మల్నేనా అని వెనక్కి తిరిగేవారంట. మరి ఆ నోటికి పేరెవరు పెట్టారనుకున్నారు? మన ప్రెసిడెంటు ధర్మారావుగారే. అప్పట్లో ఏమైందంటే, రోడ్డుకి వచ్చిన కంకర మీ వాకిట్లోనే ఎందుకు పోశారండీ అని పంచాయితీ మీటింగులో ఈవిడ అడిగిందంట. ఆయన సమాధానం ఏం చెప్తాడు? ఈ మనిషికి నోటిదూల ఎక్కువైపోయింది అన్నాడంట. అంతే, కంకర సంగతి అందరూ మర్చిపోయారు, ఆ మాట మాత్రం ఊరంతా పట్టుకుంది. ఆ రోజు నుంచీ చిన్నాపెద్దా అందరికీ ఆవిడ నోటిదూల వరాలమ్మే.

మొగుడు పోయాక ఆవిడ కంద పచ్చడి చేసి సంతలో అమ్మేది. కంద సంగతి మీకు చెప్పాలా, చెయ్యడం చేతకాకపోతే తిన్నవాడు నాలుక బయటపెట్టి గోక్కోవాలి. ఈవిడ కంద కోరు చింతపండు గుజ్జులో ఊరేసి, ఆవపిండి కలిపి పెడితే చంటిపిల్లాడికి పెట్టినా కిమ్మనడు. సంతలో జనం ఎవరి పచ్చడే ఇది అంటే, ఇంకెవరిది, నోటిదూలది అనేవారంట. సీసాల్లో పెట్టి అమ్మే రోజులొచ్చాక లేబులు కావాల్సొచ్చింది. కోడలు చంద్రకళ మెత్తని మనిషి, ఏ దేవుడి పేరో పెట్టుకుందాం అత్తయ్యా అంది. దానికి వరాలమ్మ, 'ఊరు తిట్టింది దేవుణ్ణా, నన్నా? తిట్లు నేను పడితే పేరు ఆయనకెందుకు?' అని సీసా మీద పెద్దక్షరాలతో నోటిదూల కంద పచ్చడి అని వేయించింది. బంధువులు మొహాలు దాచుకున్నారంట. దాచుకున్న మొహాలతోనే వచ్చి సీసాలు పట్టుకెళ్ళారనుకోండి, అది వేరే సంగతి.

పచ్చడి బాగా నడుస్తా ఉంటే టౌనులో బస్టాండు కాడ పెద్ద కొట్టున్న పాండురంగం కన్ను దాని మీద పడింది. ఏం చేశాడంటే, పచ్చడి తనే పెట్టించి, అదే పేరు, అదే ఎర్ర అక్షరాలు వేసి కొట్టు నిండా పేర్చేశాడు. వరాలమ్మ ఎప్పట్లాగే ఆ కొట్లో సరుకు దింపడానికి వెళ్ళి చూసింది. ఏం బాబూ, ఇది నా పేరు కదా అంది. పాండురంగం గల్లా మీద నుంచి కదల్లేదంట. 'నోటిదూల నీ ఇంటిపేరేటమ్మా? మీది గుత్తులవారు కదా. అది లోకంలో ఎవరైనా అనే మాట. నువ్వే ఆ లేబులు తీసేసుకో, లేకపోతే నన్ను చూసి కాపీ కొట్టావని కేసు పెడతాను' అన్నాడంట. చూశారా, ఎవరి పచ్చడికి ఎవరు కేసో! వరాలమ్మ ఆ కొట్టు గుమ్మంలోనే నిలబడి, బస్సులోళ్ళందరూ వినేటట్టు అందంట. 'లోకం ఎవర్నందిరా ఆ మాట? నిన్నందా? నన్నంది. ఇన్నేళ్ళూ పడ్డాను. పడేటప్పుడు నాదీ, అమ్ముడుపోయేటప్పుడు నీదీనా?' అని సరుకు మళ్ళీ ఆటోలో ఎక్కించుకుని వచ్చేసింది.

అక్కణ్ణించి తిన్నగా సుభాషిణి అనే లాయరమ్మ కాడికి వెళ్ళింది. ఆ పిల్ల చెప్పింది, ట్రేడ్‌మార్కు అని ఒకటుంది, పేరు రిజిస్టరు చేయించుకుంటే ఆ పేరుతో పచ్చడి ఇంకెవరూ అమ్మకూడదు అని. అయితే చేయించు అంది వరాలమ్మ. కాగితాలు ట్రేడ్‌మార్కు ఆఫీసుకి వెళ్ళాయి. అక్కడి ఆఫీసరు ఒప్పుకోలేదంట. ఎందుకంటే, నోటిదూల అంటే నోట్లో దురద కదా, కంద అంటేనే దురద కదా, కాబట్టి ఈ పేరు సరుకు గుణం చెప్తోంది, సరుకు గుణం చెప్పే పేరు ఒక్కళ్ళకే రాసివ్వం, అందరిదీ అన్నాడు. దూల పచ్చడికి కాదయ్యా, మనిషికి అని ఎలా చెప్పడం? లాయరమ్మ ఆలోచించి, ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా, ఈ పేరు ఈవిడదే, మేము ఈవిడనే ఇలా అంటాం అని సాక్ష్యం చెప్తే పనవుతుంది అంది.

ఇప్పుడు చూడాలి మనూరి మర్యాద. ఇన్నాళ్ళూ నోరారా అన్నవాళ్ళు ఒక్కళ్ళు సాక్ష్యానికి రాలేదంట. ఛ ఛ, మేమెప్పుడన్నాం, వరాలమ్మగారండీ అనే అంటాం కదా అన్నారు. ఈ సుబ్బులు కూడా. ఏమ్మా, అనలేదూ? సరే, తమలపాకు నములు. ప్రెసిడెంటుగారైతే, 'ఆడమనిషిని అలాంటి మాట నేనా? నా నోట్లోంచా?' అని రెండు చెంపలూ వేసుకున్నాడంట.

వరాలమ్మ మారు మాట్లాడకుండా వచ్చేసిందనుకున్నారా? మర్నాడు పొద్దున్నే లాయరమ్మని వెంటబెట్టుకుని ఆయన వాకిట్లోకి వెళ్ళింది. ఆయన అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. ఈవిడ మొదలెట్టింది. 'ఆయ్, ప్రెసిడెంటుగారూ, మీ అరుగు బాగుందండి. ఈ కంకర మీద మా కాళ్ళు నడవాలి గాని మీ కాఫీలు నడుస్తున్నాయండి. మెరక వీధిలో దీపం లేదండి, మీ పశువుల పాకలో రెండున్నాయండి. గేదెలు పేపరు చదువుతాయా అండి?' ఇలా ఒకటి తరవాత ఒకటి. ఆయన ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, మొహం కంద దుంప రంగుకి తిరిగింది. చివరికి గ్లాసు నేలకేసి కొట్టి, 'నోటిదూల ముండా, నోర్ముయ్!' అని గట్టిగా అరిచేశాడంట. వరాలమ్మ టక్కున ఆపేసి, లాయరమ్మ వైపు తిరిగి, 'విన్నావు కదా, వీళ్ళందరూ విన్నారు. ఆ రెండో మాట అక్కర్లేదు, మొదటి మాట రాసుకో' అంది. అరుగు మీద వాళ్ళు నవ్వాపుకోలేక కండువాలు నోట్లో కుక్కుకున్నారు. ఇంక ఆయనేం చేస్తాడు, సాక్ష్యం కాగితం మీద సంతకం పెట్టాడు.

తరవాత ఆఫీసరుగారు కంప్యూటర్లోంచే విచారణ చేస్తారంట, లాయరమ్మ ఇంట్లో కూర్చుంటే చాలంట. వరాలమ్మ ఉతికిన చీర కట్టుకుంది, ప్రెసిడెంటుగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తెరమీద ఆఫీసరు మన భాషవాడే. కాగితం చదువుకుని, అమ్మా, ఈ పేరు మిమ్మల్నే అంటారని ఒప్పుకుంటాను, గాని కొన్నవాడు మిమ్మల్ని చూడడు కదా, దురద పెట్టే పచ్చడి అనే కదా అనుకుంటాడు అన్నాడు. లాయరమ్మ ఏదో చెప్పబోయింది. వరాలమ్మ ఆ పిల్లని మోచేత్తో పక్కకి జరిపి తెరకి మొహం ఆనించింది. 'అయ్యా, నా పచ్చడి దురద పెడితే ఆ పేరు పచ్చడిది, ఊరందరికీ పంచెయ్యండి. పెట్టకపోతే ఆ పేరు నాది, నాకిచ్చెయ్యండి' అంది. మరి అంత దూరం నుంచి నేను రుచి చూడటమెలా అన్నాడాయన. ఈవిడ సంచీలోంచి సీసా తీసి, మూత విప్పి, ప్రెసిడెంటుగారి ముందు పెట్టింది. 'నా శత్రువే తింటాడు చూడండి' అంది.

ఇప్పుడు ఆ సీసా ఆయన చేతిలో ఉందన్నమాట. గొంతు పట్టుకుని ఒక్క దగ్గు దగ్గితే చాలు, వరాలమ్మ పేరు పోతుంది, లేబులు పోతుంది, పాండురంగం బస్టాండులో బాణాసంచా కాలుస్తాడు. కాఫీ గ్లాసు కసి కూడా తీరుతుంది. చెంచాడు తిన్నాడు. ఇంకో చెంచాడు. మూడో చెంచా ఎవరూ పెట్టమనలేదు, ఆయనే పెట్టుకున్నాడంట. ఆఫీసరు, ఏవండీ, దురద ఉందా అని అడిగాడు. ప్రెసిడెంటుగారు మూతి తుడుచుకుని, వరాలమ్మని ఒకసారి పైనుంచి కిందకి చూసి, తిట్టాలో మెచ్చాలో తేలక, 'పచ్చడికి లేదండి. దూలంతా ఈవిడకేనండి' అన్నాడంట. ఆఫీసరు నవ్వాపుకుని, అదే రాసుకుంటున్నాను అన్నాడు.

తరవాత ఆ పేరు వాళ్ళ పత్రికలో వేసి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని కొన్నాళ్ళు ఆగారంట. పాండురంగం తన వకీలు కాడికి పరిగెత్తాడు. ఆ వకీలు అన్నాడంట, అడ్డుపడొచ్చు, గాని నోటిదూల అంటే కంద పచ్చడి గుణం అని మనం వాదించాలి, అంటే మీ పచ్చడి దురద పెడుతుందని మీరే రాసివ్వాలి, ఇస్తారా అని. పాండురంగం మంచినీళ్ళు తాగి లేచి వచ్చేసి, సీసాల మీద లేబుళ్ళు గీకించాడు. గీకిన కుర్రాళ్ళ చేతులు రెండ్రోజులు దురదపెట్టాయని చెప్పుకుంటారు. జిగురు వల్లో, పచ్చడి వల్లో నాకు తెలీదు, నేను చూడంది చెప్పను.

వరాలమ్మకి సర్టిఫికెట్టు వచ్చింది. ఇక్కడే మన ఊరోళ్ళ తెలివి చూడాలి. మాట రిజిస్టరయిపోయింది, ఇంక ఎవర్ని ఎవరు ఆ మాట అన్నా వరాలమ్మ కేసు పెడుతుందంట అని ఎవరో అన్నారు, అందరూ నమ్మేశారు. మొన్న మీటింగులో వరాలమ్మ లేచి, మెరక వీధి దీపం ఏమైందండీ అంది. ప్రెసిడెంటుగారు 'నో...' అని ఆగి, సెక్రటరీ చెవిలో, అనొచ్చంటావా అని అడిగాడంట. సెక్రటరీ, వద్దండీ, రిజిస్టరు మాట అన్నాడంట. రెండ్రోజుల్లో దీపం వెలిగింది. కుళాయి కాడ ఆడాళ్ళు దెబ్బలాడుకున్నా సరిగ్గా ఆ మాట దాకా వచ్చి ఆగిపోయి, బిందెలెత్తుకుని వెళ్ళిపోతున్నారు. ఆ రిజిస్ట్రేషను పచ్చడికే, తిట్టుకి కాదు అని లాయరమ్మ ఊరికి చెప్పబోతే, వరాలమ్మ ఆ పిల్ల చేతిలో సీసా పెట్టి, నీకెందుకమ్మా, అన్నంలో కలుపుకో అందంట. నాకూ తెలుసు, గాని నేనెందుకు చెప్తాను? ఆ మాట నన్నూ అనేవోళ్ళు, ఇప్పుడు ఒక్కళ్ళు అనట్లేదు.