కొల్లేట్లో ప్రపంచ ఆటలు

1938 జనవరి. ఏలూరు కాలవగట్టున కనకరత్నంగారి కాఫీ హోటల్లో డ్రిల్లు మేష్టారు వెంకట్రాజుగారు అప్పుడే బల్ల మీద సర్దుకున్నారు. ఇంతలో కొల్లేటి పక్కనుంచి రైతు పేతురు వచ్చి, తమ చేలల్లో ప్రపంచ విద్యార్థుల ఆటలు ఖాయమేనా అని చేతులు కట్టుకుని అడిగాడు. మొలక కట్టిన విత్తనం గంపల్లో ఉందట, ఇవాళ చల్లకపోతే కుళ్ళిపోతుందట. చల్లాలో మానాలో రాజుగారే చెప్పాలట.

"తొందరపడకోయ్, కూర్చో" అన్నారు రాజుగారు. "అసలు ఆ ఆటలు ఏలూరికి ఎలా వచ్చాయో ముందు విను. సుందరరావు మేష్టారూ, మీరు నవ్వకండి, లెక్కలు చెప్పుకునేవారికి ఆటల సంగతి తెలీదు. నేను చేసిందల్లా ఒక కార్డు ముక్క రాయడమేనండీ. ఐరోపా కాలేజీ కుర్రాళ్ళకి రెండేళ్ళకోసారి పరుగులూ గెంతులూ పెడతారు కదా, ఈసారి ఏ ఊళ్ళో పెట్టాలా అని మహా మహా పట్నాలు కొట్టుకు చస్తున్నాయని పేపర్లో చూశాను. మన ఏలూరు ఏం తక్కువ తిందని ఓ కార్డు పడేశాను. రైలుంది, కాలవుంది, నేనున్నాను అని మూడే ముక్కలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇద్దరు దొరలు మెయిల్లో బయల్దేరి వచ్చేశారు! తాడేపల్లిగూడెంలో గార్డుకి నా పేరు చెప్పారట. ఆయన ఊరికి ఆయనతో చెప్పకుండా బండి తీసుకెళ్ళనండీ అని గార్డు అక్కడే ఆపేశాడు."

"ఆపేశాడా?" అన్నారు కనకరత్నంగారు.

"నేను వెళ్ళి పచ్చజెండా ఊపితేగానీ కదల్లేదండీ. సరే, దొరలు ఊరంతా తిరిగి, నలభై దేశాలవాళ్ళు ఈ మైదానంలో పట్టరన్నారు. నాకు ఒళ్ళు మండింది. బండి కట్టించి కొల్లేటికి తీసుకుపోయాను. నీళ్ళు లాగేసి నేల పలకలా ఉంది. ఎన్ని మైళ్ళు కావాలో కొలుచుకోండి అన్నాను. పెద్ద దొర తెరిచిన నోరు మళ్ళీ మూస్తే ఒట్టు. గీతలు గీయడానికి సున్నం లేదు. ఒక్క ఈలేశాను. వెయ్యి గూడకొంగలు వచ్చి రెండు బారులు తీరాయి."

"కొంగలా?" అన్నారు సుందరరావు మేష్టారు.

"డ్రిల్లు నేర్పానండీ. మీ క్లాసు పిల్లలకన్నా నయం. చిన్న దొర నాతో పందెం కట్టాడు. ఈ కాలవగట్టు మీద ఈలేసి పరుగు అందుకున్నాను. కొల్లేటికి వెళ్ళి, చేపల పులుసుతో అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ ఉంటే అప్పుడొచ్చింది నా ఈల చప్పుడు! దొర మర్నాడు వచ్చాడు. ఉక్రోషం కొద్దీ ఇనప పళ్ళెం విసరమన్నాడు. విసిరాను. అది వెళ్ళి వెళ్ళి సూర్యుడికి అడ్డం పడితే, గ్రహణమనుకుని చింతలపూడి జనమంతా పట్టుస్నానం, విడుపుస్నానం కూడా చేసేశారు. ఇంకేముందండీ, ఓట్లు వేస్తే లండనుకి రెండు, మనకి ముప్పై ఎనిమిది. ఆగస్టు రెండో ఆదివారం మొదలు."

కనకరత్నంగారు పోస్తున్న కాఫీ గ్లాసు నిండి బల్ల మీదికి పారింది. ఆయన చూసుకోలేదు.

"ఆగస్టులో అక్కడ నా చేను ఉండదండీ" అన్నాడు పేతురు మెల్లిగా. "బుడమేరూ తమ్మిలేరూ వచ్చి పడతాయి. నిలువులోతు నీళ్ళండీ. దోనెల మీద తిరుగుతాం."

కొల్లేటికి అంత దగ్గర్లో పుట్టి పెరిగినా రాజుగారికి ఆ సంగతి తట్టనేలేదు. అయితే పడవ పందేలు పెట్టుకుంటారులే అని ఏదో గొణిగారు.

పేతురు ఇంకో అడుగు ముందుకొచ్చాడు. మూడు వారాల కిందట సంతలో, ఇంకొద్ది రోజుల్లో చేల మీద పరుగు పందేలని రాజుగారు చెప్పారనీ, ఆ మాట మీద తమ పేటలో పదకొండు ఇళ్ళవాళ్ళు విత్తనం చల్లకుండా ఆగిపోయారనీ చెప్పాడు. పక్క ఊరి చేలు అప్పుడే జానెడు ఎదిగాయట. వానలు పడేలోగా కోసుకోకపోతే ఆ పంట కొల్లేటి పాలే, ఆ ఏడాదికి గింజలుండవు.

రాజుగారు పేతురు వైపు తిరిగారు. "పదకొండు ఇళ్ళా? పాతికేళ్ళనుంచి ఈ బల్ల మీద కూర్చుని కోతలు కోస్తున్నాను, ఒక్కరు నమ్మలేదయ్యా. నువ్వెలా నమ్మావు?"

"తమరు నాకు మూడో క్లాసులో డ్రిల్లు చెప్పారండీ. మేష్టారు అబద్ధమాడతారని మాకు తెలీదండీ."

ఎవరూ నవ్వలేదు. సుందరరావు మేష్టారు కూడా తల వంచుకున్నారు. రాజుగారు లేచి పేతురు భుజం పట్టుకుని అన్నారు.

"ఆటలూ లేవు, దొరలూ లేరు. నాది పాడు నోరు. పొద్దుండగానే చల్లుకోండి, వెళ్ళు నాయనా."

పేతురు దణ్ణం కూడా పెట్టకుండా పంచె ఎగగట్టి కొల్లేటి వైపు పరుగెత్తాడు.