ఒకటే కటింగ్

సైన్యం ఖర్చు తగ్గించాలని ఊరి చివరి క్యాంపు ఎత్తేశారు. దాని గేటుకెదురుగా ఉన్న సెలూన్లో, పది రోజులుగా ఖాళీగా ఉన్న కుర్చీలో, ఇవాళ బార్బర్ బావమరిది కూర్చున్నాడు.

"అక్క అడిగింది కాబట్టి పట్నంలో నా సెలూన్లో పనిస్తాను బావా. ముందు నాకు చేసి చూపించు. చెవుల మీదికి జుట్టు కాస్త పడాలి."

"ఇరవై రెండేళ్ల సర్వీసురా నాది. నాకు పరీక్షా?"

"నా పార్ట్‌నర్ అడుగుతాడు, ఏం చెయ్యను? అవునూ, పక్కన టీకొట్టు ఏది?"

"అదీ పోయింది, బూట్లు కుట్టే ఆయనా పోయాడు. ఒకప్పుడు పొద్దున్నే నలభై మంది జవాన్లు ఈ బెంచీ దగ్గర వరస కట్టేవాళ్లు. మనిషికి నాలుగు నిమిషాలు. ఎలా కావాలో వాళ్లు చెప్పేవాళ్లు కాదు, నేను అడిగేవాణ్ని కాదు."

"బావా, చెవుల పైన చల్లగా తగులుతోందేంటి?"

బార్బర్ అద్దంలోకి చూశాడు. మాటల్లో పడితే చెయ్యి తన దారిన తాను పోయింది. చెవుల చుట్టూ నున్నగా ఉంది. నడినెత్తిన మాత్రం కాస్త జుట్టు మిగిలింది.

"ఇప్పుడు అక్కకి ఏం చెప్పమంటావు బావా?"

బార్బర్ అలవాటుగా అతని భుజం తట్టి, తర్వాతి మనిషిని పిలవబోయి, ఖాళీ బెంచీ చూసి ఊరుకున్నాడు.