చేతులు కలిసే చోటును వెదికిన ఖుర్షిదా గారు

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది జూలై ఒకటో తేదీన మా కళాశాల రసాయన శాస్త్ర విభాగంలో డిమాన్‌స్ట్రేటరుగా అడుగుపెట్టి, మూడు దశాబ్దాల విశిష్ట సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి ఖుర్షిదా గారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాసే బాధ్యత, అదే ఏడు ఆమె కంటే కొద్ది రోజులు వెనగ్గా చేరిన ఈ జక్రయ్య మీద పడింది. ఆ వెనకబాటు అతనికి నేటికీ తీరలేదు. ఆమెను పొగడమంటే పొగడగలడు గాని, అసూయపడకుండా పొగడమంటే తన వల్ల కాదని సంపాదకవర్గానికి ముందే విన్నవించుకున్నాడు.

అద్దంకిలో జన్మించి గుంటూరులో విద్యాభ్యాసం చేసిన ఖుర్షిదా గారు లెక్చరరు, రీడరు, విభాగాధిపతి పదవులను ఒక్కొక్కటిగా అలంకరించారు. ఆమె ఖాళీ చేసిన కుర్చీల్లో జక్రయ్య కూర్చుంటూ వచ్చాడు.

ఎనభై నాలుగులో విభాగానికి కంప్యూటరు వచ్చాక ఇద్దరూ ఒకే అన్వేషణలో దిగారు. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలను వరుసగా గుచ్చిన పొడవాటి దారం. అది ఉండలా చుట్టుకున్నాక, దారం మీద ఎక్కడెక్కడో ఉన్న రెండు మూడు ఆమ్లాలు ఒకచోట చేరతాయి. ఎంజైము పని చేసేది ఆ చోటే. దానినే క్రియాశీల స్థానం అంటారు. ప్రయోగశాలలో ఏళ్ళు పట్టే ఆ వెదుకులాటను లెక్కలతో తేల్చాలన్నది వారి సంకల్పం. జక్రయ్య ఒకే జాతి ఎంజైముల వరుసలను పక్కపక్కన పేర్చి, ఎందులోనూ మారని ఆమ్లాలను పట్టేవాడు. ఖుర్షిదా గారేమో, దారం చుట్టుకున్న ఉండలో ఆమ్లాల మధ్య దూరాలను కంప్యూటరు చేత కొలిపించేవారు. ఒక్కసారైనా ఆమె కంటే ముందు ఆ చోటును కనిపెట్టాలన్నదే జక్రయ్య కోరిక.

ఎనభై ఆరులో ఇద్దరూ మిరపకాయలకు పట్టే బూజులోని ఒకే ఎంజైమును ఎంచుకున్నారు. జక్రయ్య ప్రోగ్రాము ఒక చోటును చూపింది. ఖుర్షిదా గారి ప్రోగ్రాము ఎంత నడిపినా ఏదీ చూపలేదు. జక్రయ్య లోలోపల పండగ చేసుకుని, పైకి మాత్రం ఎంతో సానుభూతి ప్రకటించాడు. ఆ వారమే బూజు పట్టిన కాయలు తేవడానికి ఇద్దరూ కాలేజీ జీపులో మిర్చి యార్డుకు వెళ్ళారు. అక్కడ తొడిమలు తీసే ఆడవాళ్ళు కాయల రాశి చుట్టూ కూర్చుని ఉన్నారు. జక్రయ్య చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒకటే తుమ్ములు.

"కాస్త ఆగండి జక్రయ్య గారూ, వాళ్ళను చూడండి," అన్నారు ఖుర్షిదా గారు.

"ఏం చూడమంటారండీ బాబూ! కళ్ళు మండిపోతున్నాయి, పదండి."

"భుజాలు ఎడంగా ఉన్నాయి, చేతులేమో ఒక్కచోటే ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ భుజాలు కొలుస్తున్నానండీ!"

అంటే, ఆమ్లం దారానికి అతుక్కున్న చోటి నుంచి దూరం కొలిచారు తప్ప, అది బయటికి చాపిన కొస నుంచి కొలవలేదు. మర్నాడే ఆమె ప్రోగ్రాము దిద్దారు. మూడు కొసలు కలిసే చోటు బయటపడింది. ప్రయోగశాలలో ఆ చోటును మూసి చూస్తే ఎంజైము పని ఆగిపోయింది. జక్రయ్య పట్టిన ఆమ్లాలు మారకుండా ఉన్న మాట నిజమే గాని, అవి ఉండ విడిపోకుండా కాచేవి మాత్రమే.

సెమినారులో ఆమె తన విజయం కంటే ముందు తన పొరపాటునే చెప్పారు. సభ చప్పట్లతో మారుమోగింది. జక్రయ్యకు ఒళ్ళు మండింది. ఆ రాశీ, ఆ ఆడవాళ్ళూ అతని కళ్ళ ముందు కూడా ఉన్నారు కదా! ఎదుటివారి గెలుపును చూసి అసూయపడటం లోకంలో ఉన్నదే. తప్పును సైతం అంత హాయిగా చెప్పుకోగలిగిన మనిషిని చూసి ఇంకెంత పడాలి?

మొన్న కంప్యూటరు గది తాళం చెవి అతనికి అందిస్తూ, "ఇక మీకు అడ్డెవరూ లేరండీ," అని ఆమె నవ్వారు. ఆ మాటకు సంతోషం కలగాలి. కలగలేదు. పోటీకి రాని మనిషిని ఓడించడం ఎలా?

కనుక శ్రీమతి ఖుర్షిదా గారు కంటిచూపు, బుద్ధికుశలత ఏమాత్రం తగ్గకుండా, కుటుంబ సమేతంగా నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ప్రతి శనివారం సెమినారుకు ఎప్పటిలాగే వచ్చి ముందు వరసలో ఆసీనులు కావాలనీ సహోద్యోగులందరి ఆకాంక్ష. జక్రయ్య సొంత ప్రార్థన వేరే ఉంది: అతడు ఒక్కసారి గెలిచేదాకా ఆమె ఆయురారోగ్యాలకు ఏ లోటూ రాకూడదు. ఇప్పటి తీరు చూస్తే అందుకు చాలా ఏళ్ళే పట్టేలా ఉంది.