బెల్లంతో చెప్పిన రాతి తోరణం

"మామ్మా, తాతగారు ఆ రాతి తోరణం ఎలా చూసేరో చెప్పు. రికార్డు చేస్తున్నాను."

ఆయ్, చెప్తాను. ఆ ఫోను కాస్త అవతల పెట్టు, మొహంలో పెట్టకు.

మన రాజోలులో రాయెక్కడుంది నాన్నా? అంతా గోదారి తెచ్చిపోసిన ఒండ్రేగా. రుబ్బురోలు కావాలన్నా ఏరు దాటి తెచ్చుకోవాల్సిందే. మా అమ్మ రోలైతే పడవలో... సర్లే, అదో కథ. మీ తాతగారు సోషల్ మాస్టారు కదా. అలలు కొట్టికొట్టి, కొండకి కన్నం పడి, తోరణంలా నిలబడుతుందీ అని ఓ పాఠం. రాయే ఎరగని పిల్లలకి ఎలా చెప్తారు? బెల్లం అచ్చు పట్టికెళ్ళి ఒకేచోట నీళ్ళధార పోసేవారు. కన్నం పడేది. పాఠం అవ్వగానే తోరణాన్ని పిల్లలు నాకేసేవారు! అప్పట్లో బెల్లం చవకే అనుకో. ఆయన మటుకు ఆ రాయి ఎప్పుడూ చూళ్ళేదు.

మొన్న కంటి డాక్టరుగారు చెప్పేసేరు కదా, నీటికాసులు ముదిరిపోయేయి, ఉన్న చూపూ నిలవదండీ అని. ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని, "రత్నం, ఆ రాయొక్కటి చూపించవే" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్నేదీ అడగని మనిషిరా. వైజాగులో మీ అత్త ఇంటికెళ్ళేం. దానికి సెలవు దొరకలేదు. మేమిద్దరమే ఆటోలో భీమిలి రోడ్డు పట్టుకుని ఆ తోరణం ఉన్న మంగమారిపేట వెళ్ళేం.

సముద్రం నీరు తగ్గి ఉంది. రోడ్డు మీంచి నాకు రాయి కనపడుతోంది గానీ ఆయనకి అంతా మసకే. దగ్గరికెళ్దామన్నారు. మనవాళ్ళ అలవాటుందిగా, తడి కనపడితే చెప్పులొదిలేసి బొటనవేలు నొక్కి నడవడం. వరిగట్టు మీద పనికొస్తుంది. నాచు రాతి మీద వేలెక్కడ దిగుతుంది? జర్రున జారేరు. పట్టుకోబోయి నేనూ కూలబడ్డాను. గుల్లలకి అరికాళ్ళు గీసుకుపోయేయి. లేవలేక చంటిపిల్లల్లాగా కూచునే జరుగుతున్నాం! "వెనక్కి పోదామండీ" అన్నాను. "చూడకుండా రానే" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అక్కడ పెళ్ళి కావాల్సిన జంటెవరో ఫొటోలు తీయించుకుంటున్నారు. మూతి విరవకు! మార్కెట్ సంస్కృతి, పెట్టుబడి మాయ అని వల్లిస్తావే, అదే. ఆ పిల్ల "ఫొటో ఆపండన్నా" అని కేకేసి, గౌను చేత్తో ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కుర్రాడు సూటుతోనే నీళ్ళలో దిగి తాతగార్ని లేపేడు. "బట్టలు పాడైపోతాయి బాబూ" అంటే, "అద్దెవేలెండి మామ్మగారూ" అన్నాడు!

చెరోపక్కా పట్టుకుని ఆయన్ని కన్నం కిందకి నడిపించేరు. రాతిని తడిమేరు. తలెత్తి చాలాసేపు చూసేరు. "కనపడిందాండీ?" అన్నాను.

"రాయి కంటికి ఆనట్లేదే. మధ్యలో వెలుగుంది చూడూ, అది కనపడింది. సమంగా లేదు, ఓ పక్కకి వాలుంది. నేను బోర్డు మీద ఎప్పుడూ గుండ్రంగా గీసేవాణ్ణి" అని నవ్వేరు. డాక్టరు దగ్గర్నించి వచ్చేక అదే నవ్వడం.

ఇవాళ పొద్దున్న నా మొహం ఆనలేదన్నారు. ఆ వెలుగు మటుకు ఇంకా ఉందిట.

ఆ పిల్లల పేర్లైనా అడగలేదు, చూడు నా బుద్ధి. "తండ్రీ, ఆ సూటబ్బాయినీ గౌనమ్మాయినీ చల్లగా చూడు" అని రోజూ ప్రార్థన చేస్తున్నాను. దేవుడికి తెలీదా ఎవరో. నీకూ అలాంటి పిల్లే దొరకాలి నాన్నా. ఫొటోల సంగతి మీరిద్దరూ తీరిగ్గా దెబ్బలాడుకుందురు గానీ...