రాజమల్లు ఆడిన బొంబాయి ఆట

సుబేదారిలో మొగిలి చాయ్ హోటల్‌ను ఆనుకునే రాంచందర్ సేటు దుకాణం. ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో అందులోకి వీడియో గేమ్ మిషన్ దిగింది. "జనానికి చూపేముందు ఆడి తప్పులు చెప్పేటోడు ఒకడు కావాలె. షట్టర్ దించి, చాటుగ. ఎదురు దుకాణపాయన చూసిండంటే రేపే ఇంకోటి తెస్తడు" అన్నాడు సేటు, హోటల్ బల్ల మీద కూర్చుని.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసి మోసి నడుము విరిగిన రాజమల్లుకు, కూసుండి చేసే ఆ కొలువు మీద కన్నుపడింది.

"నాకు కొత్తనా సేటూ?" అన్నాడు చాయ్ సాసర్లో ఒంపుకుంటూ. "బొంబాయిల మా బావ కాడికి పోయినప్పుడు గీ మిషన్లు చేసే కంపెనోళ్లు బతిమిలాడి తీస్కపోయిన్రు. ఒక్క ఆట ఆడి చూడన్నరు, గంతే."

"నిన్నా?" అన్నాడు మొగిలి.

"మరి నిన్నా? ఏడు తలుపులు, ఏడు తాళాలు. నా కండ్లకు గంతలు."

"గంతలు కడితే ఆటెట్ల కనవడ్డది?"

"చెవులతోటి ఆడిన! నడుమ మాట్లాడకు. ఆకాశంకెల్లి పురుగులు దిగుతాన్నయ్, నేను కాలుస్తాన. పది, నూరు, లచ్చ! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మిషన్ నిప్పుకణిక లెక్క కాలింది. చల్లార్పుదామంటే బొంబాయి నీళ్లు ఉప్పాయె. ధర్మసాగర్ చెరువు నుంచి రైలుకట్ట పొంటి పైపేసిన్రు. పోయినేడు మన నల్లాలు పన్నెండు రోజులు రాలే గద, ఎందుకనుకున్నరు?"

"నీ పనేనా! మా ఇంటామెకు చెప్తా ఆగు, బిందె పట్టుకొనే వస్తది" అన్నాడు మొగిలి.

"ఇనుండ్రి! మిగిలిన పురుగులు అద్దం పలగ్గొట్టుకొని బయటికొచ్చి, 'రాజమల్లన్నా, ఇగ సాలు, పిల్లలు గలోళ్లం' అని నా కాళ్ల మీద పడ్డయ్!"

సేటు చెయ్యి జేబులోని షట్టర్ తాళం చెవి మీదికి పోయింది. రాజమల్లు అది చూడనే చూశాడు. ఇంకొక్క మెట్టెక్కితే కొలువు తనదే.

"అసలు ముచ్చట ఇప్పుడు చెప్తాన. ఆ మిషన్ల పెద్ద తప్పు పట్టుకున్న. నోరు విప్పితే ఒట్టు! పోలీసోళ్లు అడిగిన్రు, చెప్పలే. మిలిట్రీ దిగింది, చెప్పలే. ఆఖరికి కంపెనీ మాలికే దండం పెట్టి అడిగిండు. రహస్యమంటే రహస్యమే, ఆయనకు గూడ చెప్పలే!"

సేటు బిడ్డ సుగుణ గడపలో నిలబడి అంతా వింటోంది. కాలేజీ డిబేట్లలో అవతలి పక్షానికి చెమటలు పట్టించిన పిల్ల.

"కాకా, వాళ్లు నిన్ను దేనికి పిలిచిన్రు?"

"తప్పులు చెప్పనీకి, బిడ్డా."

"చెప్పినవా మరి?"

రాజమల్లు ఖాళీ సాసర్ ఎత్తి జుర్రుకున్నాడు. హోటలంతా ఘొల్లుమంది.

"చూసినవా బాపూ, చాటుగ ఆడిచ్చుడంటే గిదే! లోపల ఏం జరిగిందో ఆయన చెప్పిందే మనకు దిక్కు. పదిమంది ఆడనీ, పదిమంది తిట్టనీ. ఎదురు దుకాణపాయన్ని గూడ పిలువు, మన తప్పులు అందరికన్న ముందు ఆయనే పట్టుకుంటడు!"

సేటు నసుగుతుండగానే తాళం చెవి లాక్కొని షట్టర్ పైకి తోసింది. జనం చాయ్ గ్లాసులతోనే లోపలికి ఎగబడ్డారు.

అందరికంటే వెనక పడ్డ రాజమల్లు మునివేళ్ల మీద లేచి మెడ చాపాడు.

"జర జరుగుండ్రి," అన్నాడు మెల్లగా. "నేను గూడ చూస్త. ఎసుంటిదో ఎన్నడూ చూడలే."