సభకు కార్యదర్శి, సభ్యుడికి అక్క

పందొమ్మిది వందల ఎనభై ఆరు జూన్ పదహారవ తేదీ, సోమవారం నాడు, షార్ట్‌హ్యాండ్ పరీక్షలో ప్రథమస్థానం సంపాదించిన ఇరవై రెండేళ్ళ యువతి ఒకరు శాసనసభ సచివాలయంలో, సభ్యుల ప్రసంగాలను అక్షరం పొల్లుపోకుండా రాసే ప్రతివేదన విభాగంలో ఉద్యోగప్రవేశం చేశారు. ఆనాడు ఆమెకు చూపించిన కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉన్నదనీ, దాన్ని మార్పించమని ఆమె అడగకపోగా మరునాడు ఇంటినుంచి సుత్తీ మేకులూ తెచ్చుకుని స్వయంగా బాగుచేసుకున్నారనీ ఆ విభాగంలో పనిచేసి వెళ్ళిన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ యువతే నేడు శాసనసభ కార్యదర్శిగా, ఆ పదవిని అధిష్ఠించిన ప్రథమ మహిళగా, సంపూర్ణ గౌరవాదరాలతో పదవీ విరమణ చేస్తున్నారు.

వారి తండ్రిగారు ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే పనిచేసి, పిల్లలు ఎదగకముందే కన్నుమూశారు. తల్లినీ, తనకంటె ఎంతో చిన్నవాడైన తమ్ముణ్ణీ సాకవలసిన భారం ఆమె భుజాలమీద పడింది. తమ్ముడి బడి, కాలేజీ, చివరికి అతను పెట్టుకున్న మందుల దుకాణం, అన్నీ అక్కగారి కష్టార్జితంతోనే సమకూరాయి. సభ్యులందరూ ముద్దుగానో, ఉక్రోషంతోనో వారిని పిలిచే "రూలమ్మ" అన్న పేరు సభలో పుట్టినది కాదు. గోళీలాటలో తొండి చేస్తే ఒప్పుకోని అక్కకు ఆరేళ్ళ తమ్ముడు పెట్టిన పేరు అది. సభ దాన్ని తర్వాత కనుక్కున్నది, అంతే.

ప్రతివేదకురాలిగా వారి కలం వేగం ఎంతటిదో, మనసు నిలకడ అంతటిది. ఒకసారి ఆవేశంలో నోరుజారిన సభ్యులొకరు విరామ సమయంలో ఆమె బల్లవద్దకు వచ్చి, "అమ్మాయీ, ఆ ఒక్క మాటా కొట్టెయ్యి, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలారట. "మీరన్నది నేను రాశానండీ. తీసెయ్యడం అధ్యక్షులవారి పని. వారి గది ఇటువైపు, రండి చూపిస్తాను" అని ఆమె లేచి స్వయంగా వారిని తీసుకువెళ్ళారు. అధ్యక్షులవారు ఆ మాటను తొలగించారు. ఆ సభ్యులు తర్వాత మంత్రి అయినప్పుడు, తమ శాఖ బిల్లుల ముసాయిదాలను ఆమెకు చూపించకుండా సభకు పంపేవారు కారు.

ఆపైన విభాగాధికారిగా, సభా సంఘాల శాఖలో సహాయ కార్యదర్శిగా, ఉప కార్యదర్శిగా ఒక్కొక్క మెట్టూ ఎక్కారు. ఏ మెట్టు దగ్గరా ఆమె ఎవరి సిఫార్సునూ ఆశ్రయించలేదు. ఎవరి అవకాశానికీ అడ్డం పడలేదు. భర్తగారు బ్యాంకులో క్యాషియరు. "మా ఇంట్లో నాకున్నది ప్రశ్నోత్తరాల సమయమొక్కటే, అదీ ఆవిడ అనుమతిస్తేనే" అని వారు నవ్వుతూ చెప్పే మాట మా కార్యాలయంలో తెలియనివారుండరు.

అయితే ఈ సుదీర్ఘ సేవాయాత్రలో వారి వ్యక్తిత్వం నిగ్గుతేలినది ఇప్పుడు ముగిసిన ఈ చివరి సభాకాలంలోనే. వారు కార్యదర్శి పదవిని స్వీకరించిన సంవత్సరమే ఈ సభ కొలువుదీరింది. సగానికి పైగా కొత్త ముఖాలు. రైతులు, డాక్టర్లు, ఒక బస్సు కండక్టరు, మునుపెన్నడూ లేనంతమంది స్త్రీలు. ప్రజలు రెండు పక్షాలకూ దాదాపు సరిసమానంగా స్థానాలిచ్చి, చిన్న మొగ్గుతో ఒకరిని అధికారపక్షంగా సభాపతికి కుడివైపు కూర్చోబెట్టారు. పూర్వాశ్రమంలో వంతెనలు కట్టిన ఇంజనీరుగారు సభానాయకులయ్యారు. కోర్టులో జీవితకాలం వాదించిన వకీలుగారు ప్రతిపక్ష నాయకులయ్యారు. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, అధికారపక్షం తరఫున గెలిచి వచ్చిన పెద్దాయన సభాపతిగా ఎన్నికయ్యారు. సభ అంతా ఆయన్ని డ్రిల్లు మాస్టారనే పిలిచేది.

ఆ సభకే, వకీలుగారి పక్షాన, మన కార్యదర్శిగారి తమ్ముడు కూడా ఎన్నికై వచ్చారు.

ప్రమాణస్వీకారం రోజున ఆయన తన వంతు రాగానే ప్రతిజ్ఞ చక్కగా చదివి, సంతకం కోసం కార్యదర్శి బల్ల దగ్గరికి వచ్చి, చిన్ననాటి అలవాటుగా చెయ్యి చాచి, "అక్కా, పెన్ను!" అన్నారు. మైకు తెరిచే ఉన్నది. సభ గొల్లుమన్నది. కార్యదర్శిగారు తల ఎత్తకుండానే, "గౌరవ సభ్యులు తమ పెన్ను తామే తెచ్చుకోవాలి" అన్నారు. నవ్వు రెండింతలైంది. ఎదుటి పక్షంనుంచి ఇంజనీరుగారే లేచి వచ్చి తన కలం అందించారు. ఆ ఇద్దరి స్నేహానికీ అక్కడే బీజం పడిందేమో ఎవరు చెప్పగలరు?

తమ్ముడుగారి నియోజకవర్గంలో పెద్దాసుపత్రి లేదు. మందుల దుకాణం నడిపిన మనిషి కనుక, సమయానికి వైద్యం అందక పోయిన ప్రాణాలు ఎన్నో ఆయనకు తెలుసు. ఆసుపత్రి తెస్తానని మాట ఇచ్చి గెలిచారు. రెండేళ్ళు గడిచినా మంజూరు కాలేదు. ఈలోగా అధికారపక్షంలో ఒక సభ్యుడు మరణించగా, ఇంకొకరు అలిగి రాజీనామా చేయగా, ఆ రెండు స్థానాలూ ఉప ఎన్నికల్లో ప్రతిపక్షానికి దక్కి, ప్రభుత్వం దారానికి వేలాడసాగింది. అటువంటి తరుణంలో, ఆసుపత్రి ఇస్తామన్న హామీమీద తమ్ముడుగారు పార్టీ మారి కుడివైపు బెంచీలో వెళ్ళి కూర్చున్నారు. ప్రభుత్వం నిలబడింది, ఆయన ఒక్కరి బలంతో. వారం తిరక్కముందే ఆయన సభ్యత్వం రద్దు చేయాలంటూ వకీలుగారు సభాపతికి పిటిషను ఇచ్చారు.

ఇటువంటి పిటిషనుపై నిర్ణయం సభాపతిది; ఆయనకు వాస్తవాలనూ, నియమాలనూ నివేదించవలసినది కార్యదర్శి. ఆమె ఆ పూటే సభాపతిగారి గదికి వెళ్ళి, తనది తోబుట్టువు సంబంధం గనుక ఈ పనిని ఉప కార్యదర్శికి అప్పగించమని లిఖితపూర్వకంగా కోరారు. మాస్టారు ఇరుపక్షాల నాయకులనూ పిలిపించారు.

"వద్దండీ," అన్నారు వకీలుగారు, "ఆవిడ చూస్తేనే మాకు నమ్మకం. ఇంకెవరు చూసినా నేను రోజూ అనుమానంతో చావాలి."

"మాకూ అదే సమ్మతం," అన్నారు ఇంజనీరుగారు. అక్క తమ్ముణ్ణి ముంచదులే అన్న ధీమా ఆయన చిరునవ్వులో కనిపించింది.

"అయితే ఉప కార్యదర్శిగారు ప్రతి కాగితం మీదా నాతోపాటు సంతకం పెడతారు. నకళ్ళు ఇద్దరికీ వస్తాయి. అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి" అన్నారామె. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు ఇంటికి వచ్చారు. తల్లిగారు వడ్డిస్తున్నారు.

"అక్కా, స్పీకరుగారికి ఏం రాస్తున్నావు?"

"సభ్యుడిగా అడుగుతున్నావా? నకలు నీకూ వస్తుంది."

"నీ తమ్ముడిగా అడుగుతున్నా."

"తమ్ముడివి కాబట్టే విస్తరి వేశాను. కూర్చుని తిను."

తల్లిగారు గరిటె అక్కడే దించేశారు. "ఏమే, వాడి నోటికాడ కూడు తీసేస్తావా? చంకనేసుకుని పెంచిన దానివి!"

"అది వాడి కూడు కాదమ్మా. జనం ఇచ్చిన కుర్చీ. ఒక గుర్తు మీద ఇచ్చారు, వీడు ఇంకో గుర్తు కింద కూర్చున్నాడు. ఆసుపత్రి కోసమే అయినా, అడగాల్సింది ఆ జనాన్ని."

"వాళ్ళ కోసమే కదక్కా నేను మారింది!"

"తెలుసురా. నీ మనసు నాకు తెలుసు. నేను స్పీకరుగారికి రాసే నోట్‌లో మనసు గురించి గడి లేదు."

ఆయన సగం అన్నంలో లేచి వెళ్ళిపోయారు. తల్లిగారు కూడా చేతిసంచి సర్దుకుని కొడుకు వెంట నడిచారు. ఆ రోజు భర్తగారు వంటగదిలో గిన్నెలు కడుగుతుండగా, ఆమె వెనకనుంచి వచ్చి తుడిచే గుడ్డ అందుకున్నారట. ఆయన కడిగిన గిన్నెలు ఒక్కొక్కటీ ఆమెకు అందించారట.

నోట్ సిద్ధమైంది. అందులో ఒక్క విశేషణం లేదు. ఏ రోజున ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారు, ఏ ఓటింగులో ఎటు ఓటు వేశారు, నియమం ఏమంటున్నది, ఇంతే. సభాపతి నిర్ణయానికి గడువు లేదు. ఎన్నాళ్ళయినా నాన్చవచ్చు, నాన్చమని చెప్పే గొంతులు ఆయన గదిలో తక్కువేమీ లేవు. అయితే కార్యదర్శిగారు ప్రతి ఉదయమూ ఆ ఫైలును మిగిలినవాటికి పైన ఉంచేవారు.

"ఏమమ్మా, నాకు టీ రాకముందే ఈ ఫైలు వచ్చేస్తోంది" అన్నారు ఒకనాడు మాస్టారు.

"పెండింగులో ఉన్నదాన్ని పైన పెట్టడం అలవాటండీ."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "మీ తమ్ముడు పోతే మా ప్రభుత్వం పోతుంది. తెలుసుగా?"

"తెలుసండీ. మా తమ్ముడు నాకు కూడా పోతాడేమోనని నా భయం."

"మరి?"

"ఆ రెండు సంగతులూ నోట్‌లో రాయలేదండీ. రాయకూడదు కనక."

మాస్టారు ఫైలు ముందుకు లాక్కున్నారు. "పిల్లల్ని ఎండలో నిలబెట్టి, వరస తప్పితే తాట తీస్తానన్నవాణ్ణి. ఇప్పుడు నేనే వరస తప్పితే వాళ్ళు నన్నేమంటారు?" అంటూ కలం తీశారు. తన సొంత పక్షానికి అధికారం దూరమవుతుందని తెలిసి తెలిసి సంతకం చేసిన ఆ సభాపతి ఔన్నత్యం వలన ఈ సభ తల ఎత్తుకుని నిలిచింది. తమ్ముడి స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించే కాగితంపై అక్కగారే సంతకం చేశారు. ఆ సంతకం చేశాక మాత్రం ఆమె తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఉప కార్యదర్శిగారు బయట నిలబడి, వచ్చినవారిని కాసేపాగి రమ్మని పంపించారు.

ప్రభుత్వం మారింది. వకీలుగారు సభానాయకులయ్యారు, ఇంజనీరుగారు హుందాగా ఎడమవైపుకు వెళ్ళి ప్రతిపక్ష నాయకత్వం వహించారు. సభాపతిని కూడా మార్చాలని కొత్త అధికారపక్షంలో కొందరు పట్టుబట్టగా, "ఆ కుర్చీలో ఆయన కాక ఇంకెవరు కూర్చున్నా నాకు సిగ్గుగా ఉంటుంది" అని వకీలుగారు తేల్చిచెప్పారు. డ్రిల్లు మాస్టారు సభాకాలం ముగిసేవరకూ ఆ ఆసనంలోనే ఉన్నారు.

తమ్ముడుగారు ఉప ఎన్నికలో పోటీచేసి ఓడిపోయారు. అక్కగారింటి గడప తొక్కలేదు. తల్లిగారు మాత్రం కోపం చల్లారాక ఈ ఇంటికీ ఆ ఇంటికీ రాకపోకలు సాగించారు. ఇక్కడికి వస్తే "వాడు చిక్కి సగమయ్యాడే" అనేవారు. అక్కడికి వెళితే "అదీ చిక్కిందిరా" అనేవారు. నిజానికి ఇద్దరూ కాస్త ఒళ్ళు చేశారని భర్తగారి వాంగ్మూలం. తర్వాతి బడ్జెట్టులో, పాత ప్రతిపాదన యోగ్యత మీదనే, ఆ నియోజకవర్గానికి ఆసుపత్రి మంజూరైంది. ప్రారంభోత్సవం నాడు మాజీ సభ్యులైన తమ్ముడుగారు జనంలో కలిసి నిలబడ్డారు. వకీలుగారు చూసి వేదికమీదికి పిలిచి, కత్తెర ఆయన చేతికే ఇచ్చారు.

సభాకాలపు ఆఖరి సమావేశం ఇటీవలనే ముగిసింది. సభానాయకులూ, ప్రతిపక్ష నాయకులూ ఒకరి తర్వాత ఒకరు కార్యదర్శిగారి సేవలను కొనియాడారు. "ఈవిడ వల్ల నేను అధికారం పోగొట్టుకున్నాను. ఈవిడ లేకపోతే మర్యాద కూడా పోగొట్టుకునేవాణ్ణి" అని ఇంజనీరుగారు అన్నప్పుడు ఇరుపక్షాల బల్లలూ మారుమోగాయి. దానితోపాటే పైన సందర్శకుల గ్యాలరీనుంచి ఫెళఫెళమని చప్పట్లు వినిపించాయి. తల్లి పక్కన నిలబడి, కళ్ళు తుడుచుకోవడం కూడా మరచి, రెండు చేతులా చప్పట్లు కొడుతున్నారు తమ్ముడుగారు.

గ్యాలరీలో చప్పట్లు నిషిద్ధం. మార్షల్ పరుగున వెళ్ళి, ఆయన ఎవరో గుర్తించి, ఏంచేయాలో తెలియక కిందికి, కార్యదర్శి బల్లవైపు చూశాడు. ఆమె తమ్ముణ్ణి చూశారు. ముఖమంతా నవ్వు పరచుకున్నది. ఆ నవ్వుతోనే చెయ్యి చాచి తలుపువైపు చూపించారు.

నడవాలోకి రాగానే ఆయన మార్షల్ భుజంమీద చెయ్యివేసి, అక్కడున్న విలేకరులందరికీ వినబడేలా, "రాసుకోండయ్యా! మా అక్క నన్ను ఈ సభలోంచి పంపించెయ్యడం ఇది రెండోసారి!" అన్నారట. ఆ గొంతులో గర్వం తప్ప మరేమీ లేదని మార్షల్ సాక్ష్యం.

సభ ముగిసి ఆమె బయటికి వచ్చేసరికి నడవాలోని బెంచీమీద తల్లీకొడుకులు కూర్చుని ఉన్నారు.

"మండుటెండలో అమ్మని ఇంత దూరం తీసుకొచ్చావేంరా?"

"నేను తీసుకురాలేదక్కా. అమ్మే నన్ను లాక్కొచ్చింది."

ముగ్గురూ కలిసి మెట్లు దిగి వెళ్ళారు.

ఇటువంటి సహచరిణితో కలిసి పనిచేసే భాగ్యం లభించినందుకు ఈ సచివాలయం యావత్తూ గర్విస్తున్నది. నియమానికి కట్టుబడినవారు మమతకు దూరమవుతారన్న అపోహను తమ జీవితంతో తుడిచివేసిన మా కార్యదర్శిగారికి, వృద్ధమాత ఆశీస్సుల నీడలో, భర్తగారి సరస సాహచర్యంలో, తమ్ముడి రాకపోకలతో కళకళలాడే ఇంట్లో, తృప్తి నిండిన దినాలు అనేకం లభించుగాక! కంటిచూపు తగ్గక, కాలిబలం సడలక, నిండు నూరేళ్ళూ ఆయురారోగ్యాలతో వర్ధిల్లుతూ, దారి తోచని వేళ మేము వచ్చి తలుపు తడితే, ఎప్పటిలాగే ముక్కుసూటిగా మాకు మాట చెబుతూ ఉందురుగాక!